1895 నాటి విక్టోరియన్ డ్రెస్సు కుట్టడం ఎలా: బుట్ట చేతుల జాకెట్టు, ఏడు కలీల స్కర్టు

ముందు సంవత్సరం తేల్చుకోండి. విక్టోరియా రాణి 1837 నుంచి 1901 దాకా ఏలింది. ఆ కాలంలో ఆడవాళ్ల దుస్తుల ఆకారం చాలాసార్లు మారింది. 1856లో ఉక్కు వలయాల క్రినొలిన్‌కు పేటెంటు వచ్చాక స్కర్టు గంటలా నలువైపులా ఉబ్బింది. 1870 నాటికి ఆ ఉబ్బంతా వెనక్కి జరిగి బజిల్ అయింది. 1870ల చివర అదీ జారిపోయి గుడ్డ తొడలకు అతుక్కుంది. 1883 ప్రాంతంలో బజిల్ మళ్లీ వచ్చింది, ఈసారి నడుము వెనక అరుగు కట్టినట్టు. 1890ల్లో వెనక ఉబ్బు పోయి చేతులు ఉబ్బాయి. మన దగ్గర ‘విక్టోరియన్’ పేరుతో కుట్టే డ్రెస్సులు తేలిపోయేది ఇక్కడే: 1860 ఘేరు (అడుగు చుట్టుకొలత), 1885 వెనకెత్తు, 1895 చేతులు, మూడూ ఒకే ఒంటి మీద. పైన దొరికిన లేసంతా.

మొదటిసారి కుట్టేవాళ్లు 1895 ఎంచుకోవడం మంచిది. పంజరం లాంటి ఉక్కు చట్రం అక్కర్లేదు. స్కర్టు మనకు తెలిసిన కలీల (పైన సన్నగా, కింద వెడల్పుగా ఉండే గుడ్డ ముక్కల) లెక్కే. పైది జాకెట్టు, అదీ తెలిసిన పనే. అన్నిటికన్నా పెద్ద లాభం ఇంకొకటుంది. ఆ ఏడాది చేతులు విపరీతంగా ఉబ్బి ఉండేవి, స్కర్టు అడుగు బాగా విచ్చుకునేది. ఆ రెండింటి మధ్య పడ్డ నడుము ఎవరిదైనా సన్నగానే కనిపిస్తుంది. 30 అంగుళాల నడుమును 24కి బిగించే పని లేదు. భుజాల దగ్గర, పాదాల దగ్గర వెడల్పు పెంచితే చాలు. ఈ డ్రెస్సులో ప్రతి కొలతా ఆ వెడల్పు నిలబెట్టడానికే.

ఇక్కడి లెక్కలన్నీ ఛాతీ 36, నడుము 30, తుంటి 40, నడుము నుంచి నేలకు 40 అంగుళాలు ఉన్న మనిషికి. మీ నడుము కొలతలో తేడా ఉంటే అంగుళానికి పావు అంగుళం చొప్పున నాలుగు పక్క కలీల్లో పంచండి. ముందు కలీ, వెనక కలీలు ముట్టుకోవద్దు. కొలతలు తీసేటప్పుడు ఆ రోజు వేసుకోబోయే లోదుస్తులు, చెప్పులు వేసుకునే నిలబడండి. రెండు అంగుళాల మడమ ఉన్న బూటు తర్వాత తొడిగితే స్కర్టు రెండు అంగుళాలు పొట్టిదవుతుంది.

గుడ్డ

44 అంగుళాల పన్నాకు (గుడ్డ వెడల్పుకు) స్కర్టుకు నాలుగున్నర మీటర్లు, జాకెట్టుకు మూడున్నర, జాకెట్టు అస్తరుకు (లోపలి పొరకు) రెండున్నర మీటర్ల మల్లు కాటన్, లోపలి లంగాకు మూడున్నర మీటర్ల పాప్లిన్ పడుతుంది. స్కర్టు లెక్క కలీలను తలకిందులుగా పక్కపక్కన పేర్చి కత్తిరిస్తేనే. ఒకే దిక్కుకు చూసే పువ్వుల అచ్చు, వెల్వెట్ లాంటివైతే అలా పేర్చడం కుదరదు, స్కర్టుకే అయిదున్నర మీటర్లు తీసుకోండి.

స్కర్టు గుడ్డకు ఒళ్లుండాలి. కాటన్ ట్విల్, లినెన్, టాఫెటా, కాస్త బరువైన టస్సర్ సరిపోతాయి. దుకాణంలోనే ఒక పరీక్ష చేయండి: గుడ్డను మధ్యలో పట్టి ఎత్తితే గొడుగులా విచ్చుకుని నిలవాలి, నీళ్లలా జారిపోకూడదు. జార్జెట్, క్రేప్, షిఫాన్ ఈ పరీక్షలో పోతాయి. మెరిసే పాలియెస్టర్ సాటిన్ పరీక్ష నెగ్గినా తీసుకోవద్దు. ఫోటోలో ప్రతి ముడతా తెల్లగా మెరిసి నాటకం దుస్తుల్లా కనిపిస్తుంది, మే నెలలో చెమట సంగతి చెప్పనక్కర్లేదు. జాకెట్టుకు మంగళగిరి నూలు బాగుంటుంది. నేత దట్టం, గుడ్డ తేలిక, చేతుల కుచ్చులు చక్కగా నిలుస్తాయి.

రంగు విషయంలో ఒక అపోహ ఉంది, విక్టోరియన్ అంటే నలుపని. భర్త ఆల్బర్ట్ 1861లో పోయాక రాణి చివరిదాకా నల్లబట్టలే కట్టింది, ఆ ఫోటోలు మన కళ్లలో నిలిచిపోయాయి. దేశమంతా అలా లేదు. 1856లో విలియం పెర్కిన్ అనే పద్ధెనిమిదేళ్ల కుర్రాడు తారు నుంచి ఊదా రంగు తీశాక రసాయన రంగులు వరదలా వచ్చిపడ్డాయి, అప్పటి స్త్రీలు వాటిని బాగానే తొడిగారు. ముదురు ఊదా స్కర్టు, మీగడ రంగు జాకెట్టు 1895కు అచ్చంగా సరిపోతుంది. మాటవరసకు చెప్పాలంటే, సూతకంలో తొలినాళ్లకు మెరిసే గుడ్డే పనికిరాదు. కాంతిలేని క్రేపే కట్టేవారు. నల్ల సాటిన్ డ్రెస్సు ఆ లెక్కన తొలి సూతకానికీ సరిపోదు.

చీరతో కుట్టాలనుకుంటే సాదా చీర అయితే స్కర్టుకు సరిపోతుంది. అంచును మాత్రం స్కర్టు అడుగున పెట్టాలని చూడకండి. కలీల స్కర్టు అడుగు వంపు తిరిగి ఉంటుంది, చీర అంచు తిన్నగా ఉంటుంది. రెండూ కలవవు, ప్రతి కుట్టు దగ్గరా అంచు విరిగి మెట్టులా కనిపిస్తుంది. అంచును కత్తిరించి బెల్టుకు, కాలరుకు, మణికట్టు పట్టీలకు వాడండి.

లోపలివి ముందు

పై గుడ్డ మీద కత్తెర పెట్టకముందే లోపలి లంగా పూర్తిచేయాలి. స్కర్టు కొలత దాని మీదుగానే తీయాలి గనుక.

చీర కింది లంగా పనికిరాదు, అది కాళ్లను దగ్గరకు లాగుతుంది. నాలుగు కలీలతో 24 అంగుళాల పొడవు, అడుగున 100 అంగుళాల ఘేరు వచ్చేట్టు లంగా కుట్టి, దాని కింద 12 అంగుళాల ఎత్తు, 200 అంగుళాల పొడవున్న కుచ్చుల పట్టీ కలపండి. అంటే రెండింతల కుచ్చు. మొత్తం 36 అంగుళాలు, స్కర్టు కన్నా రెండు తక్కువ. కుచ్చు మోకాళ్ల కిందే ఉండాలన్నది ఇక్కడ ముఖ్యం. చాలామంది క్యాన్‌క్యాన్ నెట్ లంగా కొని తొడిగేస్తారు. అది తుంటి దగ్గర్నుంచే ఉబ్బిస్తుంది, ఆకారం 1895 నుంచి జారి పెళ్లి గౌనులో పడుతుంది.

కుచ్చు పట్టీకి గంజి పెట్టండి. విక్టోరియన్ ఇళ్లలోనూ లంగాలకు గంజి పెట్టేవారు. అన్నం గంజి పల్చగా వడగట్టి, పట్టీ వరకే ముంచి, తడి పూర్తిగా ఆరకముందే ఇస్త్రీ చేస్తే కాగితంలా నిలుస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలిలో గంజి రెండు గంటల్లో మెత్తబడొచ్చు. అక్కడివాళ్లు కుచ్చు లోపల గట్టి ఆర్గంజా పొర వేసి కుట్టుకోవడం మేలు. వాడాక గంజి ఉతికేసి దాచండి, లేకపోతే పురుగు కొట్టేస్తుంది.

నడుము వెనక చిన్న దిండు కూడా కుట్టుకోండి. నెలవంక ఆకారం, పొడవు 10 అంగుళాలు, మధ్యలో వెడల్పు 5. బూరుగు దూది వదులుగా నింపి, రెండు కొసలకూ నాడా కట్టి ముందుకు ముడేసుకోవాలి. ఇది బజిల్ కాదు, స్కర్టు వెనక మడతలు నడుము గుంటలో కూలిపోకుండా ఆపే ఆసరా. దూది కూరి గట్టిగా చేస్తే కూర్చున్నప్పుడు మనిషిని ముందుకు తోస్తుంది.

నడుమును బిగించే కార్సెట్ తప్పనిసరి కాదు. జాకెట్టు అస్తరులోనే ఎముకలు, అంటే గుడ్డను నిలబెట్టే సన్నని బద్దలు పెడతాం, అది చాలు. నిజంగా కావాలంటే ఉక్కు బద్దలు, ముందు ఉక్కు కొక్కేలు ఉన్నది తీసుకుని, కింద పల్చటి నూలు చొక్కా వేసుకోండి, చర్మం ఒరుసుకోదు. కార్సెట్‌ను పైన కనిపించేలా తొడగడం మాత్రం ఈ కాలపు సరదా. అప్పుడది లోదుస్తు.

ఏడు కలీల స్కర్టు

ముందు ఒకటి, ఇరువైపులా రెండేసి, వెనక రెండు. పొడవు 38 అంగుళాలు, నేలకు రెండు అంగుళాల పైన. బ్రౌన్ పేపరు మీద గీయాల్సిన కొలతలివి, కుట్టుకు వదిలే గుడ్డ చేర్చకుండా:

ముందు కలీ: నడుము దగ్గర 6, తుంటి దగ్గర 8, అడుగున 20.
ముందు పక్క కలీ, రెండు: నడుము దగ్గర 5, తుంటి దగ్గర ఆరున్నర, అడుగున 18.
వెనక పక్క కలీ, రెండు: నడుము దగ్గర నాలుగున్నర, తుంటి దగ్గర 7, అడుగున 20.
వెనక కలీ, రెండు: నడుము దగ్గర 9, అడుగున 24, మధ్యలో తిన్నని గీత.

తుంటి గీత నడుముకు 8 అంగుళాల కింద. అక్కడిదాకా కలీ అంచు కొద్దిగా వంపు తిరిగి ఒంటిని అనుసరించాలి, అక్కణ్నుంచి తిన్నగా విచ్చుకోవాలి. నడుము నుంచే తిన్నగా గీసేస్తే పొట్ట మీద గుడ్డ వదులై మడతలు పడతాయి. అడుగు ఘేరు మొత్తం 144 అంగుళాలు, అంటే నాలుగు గజాలు. ముందూ పక్కలూ కలిపితే నడుము 25 అంగుళాలు వస్తుంది. మిగతా 6 అంగుళాల్లో వెనక కలీల 18 అంగుళాల గుడ్డను పెద్ద పెట్టె మడతలుగా (బాక్స్ ప్లీట్లుగా) సర్దాలి. మొత్తం 31, నడుము కన్నా ఒక అంగుళం వదులు. వెనక మూడింతల గుడ్డ కాబట్టే ముందు చదునుగా, వెనక జలపాతంలా పడుతుంది.

అన్ని వైపులా అర అంగుళం కుట్టుకు వదలండి. ముందు కలీని పడుగు (గుడ్డలో నిలువు నూలు) సరిగ్గా మధ్యగా వచ్చేట్టు కత్తిరించండి. పక్క కలీలకు ముందు వైపు అంచు పడుగు వెంట తిన్నగా ఉండాలి, వాలంతా వెనక వైపు అంచుకే రావాలి. అప్పుడు ముందు కలీ, పక్క కలీల మధ్య కుట్లలో ఒక వైపు తిన్నటి అంచు, ఇంకో వైపు ఐమూల (నేతకు ఏటవాలు) అంచు కలుస్తాయి, తిన్నది ఐమూలను పట్టి ఉంచుతుంది. రెండు ఐమూల అంచులు కలిపి కుడితే ఆ కుట్టు వారంలో సాగి, స్కర్టు అక్కడ తోకలా వేలాడుతుంది. మిషను మీద కుట్టేటప్పుడు ఐమూల అంచును కింద ఉంచండి, లాగకండి. కుడి వైపు కుట్టులో జేబు పెట్టండి, అప్పటి స్కర్టుల్లోనూ జేబులుండేవి. తెరుచుకునే చోటు వెనక మధ్య కుట్టులో, 10 అంగుళాలు, మడతల్లో దాగిపోతుంది. హుక్కులు పెట్టండి. జిప్పు 20వ శతాబ్దపు వస్తువు. పైకి కనిపించదు కాబట్టి పెట్టుకున్నా పోట్లాడేవాళ్లు లేరు, మడత మాత్రం కాస్త బిగుసుకుంటుంది.

నడుము పట్టీ కుట్టాక స్కర్టును రెండు రోజులు వేలాడదీయండి. ఐమూల భాగాలు సాగేదంతా అప్పుడే సాగుతుంది. తర్వాత లంగా, దిండు, చెప్పులు వేసుకుని నిలబడి, నేల నుంచి స్కేలు పెట్టి ఇంకొకరి చేత రెండు అంగుళాల దగ్గర సుద్ద గీత గీయించండి. ఈ రెండు రోజులు ఆగకపోతే తొలి ఉతుకుకే అడుగు వంకర.

అడుగుకు మడత కుట్టు వేయవద్దు. కలీల పేపరులోనే కింది 10 అంగుళాలు నకలు తీసి, అదే ఆకారంలో పట్టీ కత్తిరించి, దానికి కాన్వాసో గట్టి ఆర్గంజానో జతచేసి లోపల వేయాలి. పాత దర్జీలు ఇక్కడ గుర్రపు వెంట్రుకల గుడ్డ వేసేవారు. తిన్నటి పట్టీ వేస్తే పైవైపు గుడ్డ మిగిలి ముడతలు పడుతుంది. ఈ గట్టి పట్టీ వల్లే నడిచేటప్పుడు స్కర్టు కాళ్లకు చుట్టుకోకుండా గంటలా ఊగుతుంది. అంచు అరిగిపోకుండా లోపలి వైపు నూలు అల్లిక టేపు కుట్టి, పావు అంగుళంలో సగం కిందికి కనిపించనివ్వండి. దుమ్మంతా దానికే పడుతుంది, చిరిగితే మార్చుకోవచ్చు.

జాకెట్టు

మీకు సరిగ్గా కుదిరిన ప్రిన్సెస్ కట్ బ్లౌజు పేపరుతో మొదలుపెట్టండి. మార్చాల్సినవి: పొడవు నడుము దాకా దించి, ఆపైన ఇంకో రెండు అంగుళాలు, అవి స్కర్టులోకి పోతాయి, మెడ పూర్తిగా మూసేయాలి, భుజం కుట్టును అంగుళం వెనక్కి జరపాలి, చంక గుండ్రం పైకి, ఒంటికి దగ్గరగా ఉండాలి. మన బ్లౌజుల్లో సుఖం కోసం చంకను కిందికి దించుతారు. ఇక్కడ అలా దించితే బుట్ట చెయ్యి బరువుకు, చెయ్యి ఎత్తినప్పుడల్లా జాకెట్టు మొత్తం లేచి స్కర్టులోంచి బయటికొస్తుంది. చంక 17 అంగుళాలు దాటనివ్వకండి.

ముందు కోరా గుడ్డతో ఒకటి కుట్టి చూడండి. నడుము దగ్గర ఒక అంగుళం, ఛాతీ దగ్గర ఒకటిన్నర వదులు చాలు. సరిపోయాక అదే పేపరుతో మల్లు అస్తరు బిగువుగా కుట్టండి. పై గుడ్డ ముందు భాగాన్ని మాత్రం 6 అంగుళాలు వెడల్పుగా కత్తిరించి, మెడ దగ్గరా నడుము దగ్గరా కుచ్చులుగా అస్తరుకు కలపండి. పైన వదులుగా కనిపిస్తూ లోపల బిగువుగా ఉండటం ఆ కాలపు జాకెట్టు పద్ధతి.

ఎముకలకు 8 మిల్లీమీటర్ల వెడల్పు కేబుల్ టైలు బాగా పనిచేస్తాయి. కొసలు గుండ్రంగా కత్తిరించి, గరుకు కాగితంతో రుద్ది, అస్తరు కుట్ల మీద టేపు గొట్టాల్లోకి దూర్చండి. ముందు టక్కులు, పక్కలు, వెనక మధ్య, ఆరేడు చాలు. ఎముక రొమ్ము కిందనే ఆగాలి, రెండు కొసల్లోనూ కుట్టుకు అర అంగుళం ముందే ఆగాలి. పూర్తిగా పెట్టేస్తే కూర్చోగానే గుచ్చుకుని గుడ్డ చీల్చుకుని వస్తుంది. లోపల నడుము గీత మీద అంగుళం వెడల్పు గట్టి టేపును వెనక కుట్లకు మాత్రమే కలిపి, కొసలకు హుక్కు పెట్టండి. ముందు దాన్ని బిగించి, తర్వాత జాకెట్టు మూయాలి. బరువంతా ఆ టేపు మోస్తుంది, ముందు హుక్కుల మీద లాగుడు ఉండదు. హుక్కులను ముప్పావు అంగుళానికొకటి, ఒకటి ఇటు ఒకటి అటు మార్చి పెడితే ఊపిరి గట్టిగా పీల్చినా ఊడవు.

బుట్ట చేతులు

డ్రెస్సంతటికీ పేరు తెచ్చేదీ, ఎక్కువ చెడేదీ ఇవే. మోచేతి కింద బిగువు, పైన బుట్ట. ముంజేతి దాకా బిగువుగా ఉన్న మామూలు చెయ్యి పేపరు తీసుకోండి, పై కండ దగ్గర 13 అంగుళాలు అనుకుందాం. మోచేతి దగ్గర అడ్డగీత గీసి, దాని పై భాగాన్ని ఆరు నిలువు పట్టీలుగా చీల్చండి, అడుగు విడిపోకుండా. విసనకర్ర విప్పినట్టు పైన ఒక్కో ఖాళీ 3 అంగుళాలు వచ్చేట్టు విడదీయండి. అయిదు ఖాళీలు, 15 అంగుళాలు, వెడల్పు 28. ఇప్పుడు తల మధ్యలో ఇంకో 4 అంగుళాల ఎత్తు కలిపి గుండ్రంగా గీయండి. ఈ ఎత్తు మరిచిపోయినవాళ్ల బుట్ట భుజం మీద లేవదు, మోచేతి దగ్గర సంచిలా వేలాడుతుంది.

పై గుడ్డకు మోచేతి దాకా ఆర్గంజా జతచేయండి. అస్తరు చెయ్యి మాత్రం ఉబ్బు లేకుండా పాత పేపరుతోనే, పై చెయ్యి కన్నా 3 అంగుళాలు పొట్టిగా పూర్తిచేయండి. అస్తరు పొట్టిగా ఉండి పైకి పట్టుకోబట్టే బుట్ట కిందికి జారదు. లోపల ఆసరాకు 30 అంగుళాల పొడవు, 9 అంగుళాల వెడల్పు గట్టి నెట్ రెండు పొరలు, నిలువుగా మడిచి కుచ్చు పెట్టి, చంక గుండ్రం పై భాగానికి అస్తరు మీద కుట్టండి. నెట్ చర్మానికి తగలకూడదు, అస్తరుకూ పై గుడ్డకూ మధ్యే ఉండాలి.

కుచ్చులు చంక కింద వద్దు. కింది కుట్టుకు రెండు వైపులా మూడేసి అంగుళాలు సాదాగా వదిలి, మిగతా 11 అంగుళాల్లోనే మొత్తం కుచ్చు సర్దండి, భుజం దగ్గర మరింత దట్టంగా. చుట్టూ సమానంగా పంచేస్తే చెయ్యి కిందికి దిగదు, కోడిపుంజు రెక్కలు విదిల్చినట్టు నిలబడాల్సి వస్తుంది. మిషను కుట్టుకు ముందు చేత్తో వదులుగా కచ్చా కుట్టు వేసి, అద్దంలో రెండు చేతులూ ఒకే ఎత్తున లేచాయో లేదో చూసుకోండి. కుడిచేయి ఎత్తు తక్కువగా కనిపిస్తే కొన్నిసార్లు తప్పు చేతిది కాదు, భుజానిదే. చాలామందికి ఒక భుజం వాలుగా ఉంటుంది. ఆ వైపు ఇంకో పొర నెట్ వేస్తే సరి.

కాలరు బంద్‌గలా పట్టీ లాంటిదే, ఎత్తు రెండు అంగుళాలు, లోపల పల్చటి బక్రం (బిగువునిచ్చే గట్టి గుడ్డ). ముందు అర అంగుళం తగ్గించి, పై అంచు కాస్త చిన్నదయ్యేట్టు వంపుగా కత్తిరించండి. తిన్నటి పట్టీ దవడ కింద కోస్తుంది.

అలంకారం

రెండు చోట్లకు మించి వద్దు. ముందు భాగంలో సన్నని టక్కుల వరసలు, కాలరు మీద లేసు చాలు. లేసు మాత్రం మన దగ్గరిదే వాడొచ్చు, కాలానికీ సరిపోతుంది. నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల క్రోషే లేసు 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన పనే. అదే కాలంలో ఐర్లండు క్రోషే ఇంగ్లండులో కాలర్ల మీద ఉండేది. గుండ్రటి కాలరు ముక్క ఒకటి కొని కచ్చా కుట్టుతో పైన వేయండి, ఉతికేటప్పుడు ఊడదీయవచ్చు. బెల్టు రెండు అంగుళాలు, స్కర్టు రంగుకన్నా ముదురు, ముందు కిందికి కొద్దిగా మొన తేలి. తలకు చదునైన గడ్డి టోపీ, జుట్టు పైకి వదులుగా దువ్వి నడినెత్తిన కొప్పు. వీటితో ఆపండి.

వేసుకుని చూడాల్సింది

నేరుగా ఫోటోలకు వెళ్లకండి. ఇంట్లో ఒకసారి పూర్తిగా తొడిగి మెట్లెక్కండి, కుర్చీలో కూర్చోండి, కారు తలుపులోంచి లోపలికి దూరండి, రెండు చేతులూ తలమీదికి ఎత్తండి. మెట్ల మీద కాలికి అడ్డం పడితే ముందు కలీని మాత్రం అర అంగుళం ఎత్తండి. చేతులు ఎత్తినప్పుడు జాకెట్టు లేస్తే నడుము టేపు వదులుగా ఉందన్నమాట.

మొత్తం డ్రెస్సు వద్దు, జాకెట్టు ఒక్కటే చీర మీద చాలు అనుకునేవాళ్లకు దారి పాతదే. 19వ శతాబ్దం రెండో సగంలో జ్ఞానదానందినీ దేవి లాంటి బెంగాలీ స్త్రీలు ఇలాంటి జాకెట్లు, లోలంగాలే చీరకు జోడించారు. జాకెట్టు అన్న మాటా ఇంగ్లీషు నుంచే మనకొచ్చింది. అలా కట్టేటప్పుడు పొడవు నడుము గీత దగ్గరే ఆపండి, చేతి వెడల్పు 28 బదులు 22 చాలు. పైట ఎడమ భుజం మీద పడి ఆ వైపు బుట్టను నలిపేస్తుంది కాబట్టి ఎడమ చేతిలో నెట్ ఒక పొర ఎక్కువ వేసి, పైట మడతలను సన్నగా చేసి కాలరుకు ఆనుకునేలా, కుచ్చులకు లోపలి వైపున పిన్ను పెట్టుకోండి.